అలెగ్జాండ్రియాలో ఘంటసాల

మాది దివిసీమ. ఘంటసాల మాకు పొరుగూరే. అలెగ్జాండ్రియాకు వెళ్లాలన్న కోరిక నాకు అక్కడి నుంచే పుట్టింది. క్రీ.శ. రెండో శతాబ్దంలో మన తీరాన్ని ‘మైసోలియా’ అనీ, అందులో ‘కంటకోస్సుల’ అనే రేవు ఉందనీ టాలెమీ తన భూగోళ గ్రంథంలో అలెగ్జాండ్రియాలోనే ఉండి రాశాడు. ఆ రేవు మన ఘంటసాలేనని చరిత్రకారుల మాట.

పొద్దున్నే ఖాయిత్‌బే కోటకు వెళ్లాను. 1477లో మమ్లూకు సుల్తాను దీన్ని కట్టించిన చోట అంతకుముందు ఫారోస్ దీపస్తంభం ఉండేది. నూరు మీటర్లు దాటిన ఆ కట్టడం వెయ్యేళ్లకు పైగా నిలిచి, చివరికి 14వ శతాబ్దపు భూకంపాలకు కూలింది. దాని రాళ్లు కొన్ని కోటలో కలిశాయి, కొన్ని పక్కనే నీళ్ల అడుగున ఉన్నాయి. ఆ దీపస్తంభం రెండో టాలెమీ రాజు కాలంలో పూర్తయింది. ఈ రాజు వేరు, గ్రంథం రాసిన టాలెమీ వేరు. ఇద్దరికీ నడుమ నాలుగు వందల ఏళ్లు. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో తురమయుడని చెప్పింది ఈ రాజునే. ఆ శాసనం మన కర్నూలు సీమ ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. కోట బురుజు మీద నిలబడి అది తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

తర్వాత నగరంలోని కోమ్ ఎల్ దిక్కాలో తవ్వి తీసిన పాఠాల గదులు చూశాను. మూడు వైపులా రాతి మెట్లు, గురువుకు ఎత్తుగా ఒక పీఠం. ఇవి టాలెమీ తర్వాతి కాలానివి, కాబట్టి ఎక్కువసేపు ఆగలేదు.

సాయంత్రం మాత్రం తూర్పు రేవు గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. మన దేశపు సరుకు నేరుగా ఈ నీళ్లలోకి రాలేదు. ఓడలు ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికే, మ్యోస్ హోర్మోస్ రేవుల్లో దించేవి. అక్కడి నుంచి ఒంటెల మీద ఎడారి దాటి నైలు ఒడ్డున కోప్టోస్‌కు, ఆపైన పడవల్లో ఇక్కడికి. సరుకు విలువలో నాలుగో వంతు సుంకం! అగస్టస్ కాలంలో 120 ఓడల దాకా మ్యోస్ హోర్మోస్ నుంచి మన వైపు బయల్దేరేవని స్ట్రాబో రాశాడు. మొదటి శతాబ్దపు మరో గ్రీకు రచయిత మన తీరాన్ని ‘మసాలియా’ అని, అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా నేస్తారని చెప్పాడు. నేత మనది, కాబట్టి ఆ వాక్యం నాకు చాలా ఇష్టం.

టాలెమీ మన తీరాన్ని కళ్లతో చూడలేదు. నావికులూ వర్తకులూ చెప్పిన దూరాలూ ఊళ్ల పేర్లూ పోగుచేసి లెక్కలు కట్టాడు. వాళ్లలో మనవాళ్లు ఎందరో చెప్పే ఆధారం లేదు. కానీ ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో ఒక నావికుడి పేరు నిలిచింది: మహానావికుడు శివకుడు. ఆ రేవులో ఓడ నడిపినవాళ్లలో మనకు పేరుతో తెలిసిన మనిషి ఆయన. మా ఊళ్లలో పిల్లలకు టాలెమీ పేరుతో పాటు ఆయన పేరూ చెబుతున్నాను.