గాలిని గాదెలో పోసిన ఉపాధ్యాయుడు

గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. తూర్పారబట్టిన ధాన్యమును గాదెలో పోసికొందుము. కాని ఆ గాలి బలమునే గాదెలో పోసి దాచుట యెట్లు? నూట ముప్పది యేండ్లకు పూర్వము ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. ఆయన చరిత్రమే నేటి ప్రసంగ విషయము.

డెన్మార్కు దేశమున ఆస్కోవ్ అను గ్రామము కలదు. అచ్చటి జానపద విద్యాలయములో పౌల్ లా కూర్ అను పండితుడు శాస్త్రములను బోధించుచుండెను. ఆ దేశమున చెప్పుకొనదగిన బొగ్గు గనులు లేవు; గాలి మాత్రము విస్తారము. 1891లో ప్రభుత్వ ద్రవ్యసహాయముతో ఆయన గాలిమరను కట్టించి, దానిచే విద్యుత్తును పుట్టించెను. అయితే గాలి మన యాజ్ఞకు లోబడదు. దీపము కావలసిన రాత్రి వీయకపోవచ్చును. వీచిన రాత్రి అందరును నిద్రించుచుండవచ్చును. విద్యుత్తును నిలువచేయు ఘటములు ఆనాడు మిక్కిలి ఖరీదైనవి.

నీటిలో విద్యుత్తును ప్రవహింపజేసినచో అది రెండు వాయువులుగా విడిపోవునని 1800లోనే ఇంగ్లండున నికల్సన్, కార్లైల్ అను వారు కనుగొనియుండిరి. వానిలో ఒకటి ఆమ్లజని. రెండవది ఉదజని, అనగా హైడ్రోజన్. ఉదజని మండినప్పుడు మసి పుట్టదు. అది మరల నీరే యగును. లా కూర్ తన గాలిమర విద్యుత్తుతో నీటిని విడదీసి, ఆ వాయువులను తొట్లలో నిలువచేసెను. 1895 మొదలు 1902 వరకు విద్యాలయపు దీపములు వానితోనే వెలిగెను.

విఘ్నములును లేకపోలేదు. ఉదజనిలో ఆమ్లజని కలిసినచో ప్రమాదము. అట్లు కలిసి ప్రేలగా కిటికీల అద్దములు పగిలెను. తుదకు విద్యుద్దీపములే వచ్చి ఆ దీపములను తొలగించెను.

ఆ యాలోచన మాత్రము ఆరిపోలేదు. ఇంగ్లండున బొగ్గు తరిగిన పిమ్మట గాలిమరలే నీటిని విడదీసి ఉదజనిని సమకూర్చునని 1923లో హాల్డేన్ పండితుడు కేంబ్రిడ్జిలో చెప్పెను. ఈయనయే 1957లో మన దేశమునకు వచ్చి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. 2023 జనవరిలో భారత ప్రభుత్వము ఇట్టి ఉదజనిని 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారుచేయ సంకల్పించినది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో అట్టి కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది.

ఇందు గ్రహింపవలసిన దొకటి కలదు. ఉదజని గనివంటిది కాదు, గాదెవంటిది. మనము పోసినదే వచ్చును, అదియు కొంత తరుగు పోగా. నేడు లోకమున తయారగు ఉదజనిలో అధికభాగము సహజవాయువునుండియు బొగ్గునుండియు తీయబడుచున్నది. అట్టిచో మన వీధిలో పొగ లేకున్నను, కర్మాగారమున ఉండనే యున్నది. నీటినుండి తీసినచో ఒక కిలో ఉదజనికి తొమ్మిది కిలోల నీరు కావలెను. గాలిమరలకును సూర్యఫలకములకును నేల కావలెను.

కావున, పెద్దలారా! ఉదజనిని గూర్చి యెవరైనను మీ యూరికి వచ్చి గొప్పగా చెప్పినచో, అది దేనితో తీయబడునో, నీరెచ్చటిదో, నేల యెవరిదో అడిగి తెలిసికొనుడు. గాలితోనో ఎండతోనో తీసినదైనచో అది ఆస్కోవ్ ఉపాధ్యాయుని మార్గము. బొగ్గుతో తీసినదైనచో గాదె మారినది గాని, గింజ మారలేదు.