మిరప కోతల వేళ పిల్లల్ని ఆడించేదెవరు?

పసిపిల్లలకు వీడియో పాటలు చూపిస్తే మాటలు ఆలస్యమవుతాయా అన్న చర్చలో బోనెక్కేది ఎప్పుడూ అమ్మే. తండ్రి దాదాపు కనబడడు. ఈ చర్చకో చరిత్ర ఉంది.

మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన కార్యక్రమంలో పాడిందీ మాట్లాడిందీ పిల్లలే. (కామేశ్వరిగారు అందరికీ 'రేడియో అక్కయ్య'. ఆ అక్కతనం వెనకున్న శ్రమ గురించి మన సాహిత్య చరిత్రలు ఎంత తక్కువ రాశాయో!) 1975 ఆగస్టు 1న ఉపగ్రహ విద్యా ప్రసారాల ప్రయోగం 'సైట్' మొదలై, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఏడాదిపాటు టీవీని తెచ్చింది. పొద్దుటి ప్రసారాలు పిల్లలవి. ఆ ఏడే అక్టోబరు 2న ఐసీడీఎస్ ప్రారంభమైంది. రెండు నెలల తేడాతో రాజ్యం పిల్లలకు ఒక తెరనీ, ఒక అంగన్‌వాడీ కార్యకర్తనీ ఇచ్చిందన్నమాట. తెర మార్కెట్ చేతికి పోయింది. కార్యకర్త ఇప్పటికీ గౌరవ వేతనం మీదే ఉంది.

అమెరికాలో 'బేబీ ఐన్‌స్టీన్' వీడియోలు 1990లలో మొదలుపెట్టింది కూడా ఒక తల్లే, జూలీ ఐగ్నర్ క్లార్క్. 8–16 నెలల పిల్లలు ఇలాంటి వీడియోలు రోజుకు చూసే ఒక్కో గంటకూ వాళ్ళకు తెలిసిన మాటలు 6 నుంచి 8 దాకా తక్కువున్నాయని 2007లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులన్నారు. డిస్నీ కాదంది, 2009లో మాత్రం డీవీడీలకు డబ్బు వాపసు ఇస్తానంది. ఆ అధ్యయనం తల్లిదండ్రులు ఫోనులో చెప్పిన జవాబుల మీద నడిచింది. కాబట్టి వీడియోకీ మాటలకీ సంబంధం కనబడింది గానీ కారణం తేలలేదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

దర్శి పల్లెల్లో ఆ గంటను ఎవరు లెక్కపెట్టాలి? కోతల కాలంలో తల్లులు పొద్దున్నే ఆటో ఎక్కుతారు. పత్తి చేలో అయితే గట్టుమీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టొచ్చు. మిరప కల్లం ఘాటుకి పసిబిడ్డ తట్టుకోలేదు. అందుకే ఇంట్లో, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ దగ్గర, ఫోనుతో. లాలిపాటల మీద పరిశోధించిన నాకు ఫోను పాటతో పేచీ ఉంది. అమ్మమ్మ బిడ్డ ముఖం చూసి పాట ఆపుతుంది, బిడ్డ 'ఊ' అంటే మళ్ళీ అందుకుంటుంది. ఫోను ఎవరికోసమూ ఆగదు. అయినా ఆ ముసలామె చేతిలోంచి ఫోను లాక్కోమనే సలహా నాకు మింగుడుపడదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళని చూడటానికి ఒక స్త్రీని పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని రాసింది. రైతుల మిరప చేలు దాని పరిధిలోకి రాలేదు.