అమ్ముగూడ బలరాం ఆట

సికింద్రాబాద్ శివార్లలో యాప్రాల్ పక్కనే అమ్ముగూడ. రైలెక్కి బొల్లారం వైపు వెళ్తే తర్వాతి స్టేషన్ పేరు కావలరీ బ్యారక్స్. ఈ ఊళ్లకు ఫుట్‌బాల్ ఎలా వచ్చిందో ఆ పేరే చెబుతుంది. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిశాక పటాలాలు దిగాయి, వాటి వెంటే బంతీ వచ్చింది. సిపాయిల ఆటను గట్టున కూర్చుని చూసిన చుట్టుపక్కల పిల్లలు ఉత్తకాళ్లతో ఆడడం మొదలుపెట్టారు.

అలాంటి అమ్ముగూడలో 1936లో ఓ పేద తమిళ కుటుంబంలో తులసీదాస్ బలరాం పుట్టాడు. అతను ఎదిగే నాటికి ఉత్తకాళ్ల ఆటకు రోజులు చెల్లాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక మన ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తప్పనిసరి చేశారు. మరి బూట్లు కొనేదెలా? పారేసిన పోలీసు బూట్ల తోలుతో ఓ చెప్పులు కుట్టేవాడి దగ్గర రెండు రూపాయలకు జత కుట్టించుకున్నానని బలరాం తర్వాత చెప్పుకున్నాడు.

ఆ కుర్రాడి మీద సయ్యద్ అబ్దుల్ రహీం కన్ను పడింది. రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయనే కోచ్. ప్రాక్టీసుకు రమ్మంటే ఛార్జీలకు డబ్బుల్లేవన్నాడు బలరాం. అద్దె సైకిలుకు రహీమే రోజూ రూపాయి ఇచ్చాడట.

ఇక ఆట పరుగందుకుంది. 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులోనూ, ఆ ఏడాదే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులోనూ బలరాం ఉన్నాడు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు సెమీఫైనల్ చేరారు. చివరికి నాలుగో స్థానం.   

1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. హైదరాబాద్ ఆటగాళ్లకు పేరూ పైసా దొరికే చోటు అప్పట్లో అదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. 1962 జకార్తా ఏషియాడ్‌లో థాయ్‌లాండ్, జపాన్‌ల మీద గోల్స్ చేశాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో కలిసి ఆడిన చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అంటే ఆ తరానికి మూడు పేర్లు కావు, ఒక్క మాట.

మరుసటి ఏడు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 27 ఏళ్లకే ఆట ముగిసింది. అదే 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. చునీకీ, పి.కె.కీ పద్మశ్రీలు వచ్చాయి. బలరాంకు అర్జునతోనే సరి. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయేదాకా పద్మ పురస్కారం అందనే లేదు. సైకిలు అద్దె ఇచ్చి మరీ ఆటగాణ్ని తయారుచేసుకునే కోచ్ రహీంతోనే పోయాడనుకోవాలి. జకార్తా తర్వాత ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం దక్కలేదు.