పాండురత : ఒక మాట చరిత్ర

రాయదుర్గములోని ఎత్తైన కార్యాలయ భవనములలో, కిటికీకి దూరముగా నుంచిన కుండీమొక్క తరచు కాడ సాగి, చిన్న ఆకులతో పాలిపోయి యుండును. వెలుతురు చాలక మొక్క ఇట్లు మారుటను వృక్షశాస్త్రమున పాండురత యందురు. ఈ భావమునకు ఒక చరిత్ర కలదు.

ఫ్రెంచి భాషలో దీని పేరు ‘ఎతియోల్మాఁ’. కోసిన చేలలో మిగులు కొయ్యకాళ్ల పేరునుండి అది పుట్టినది. జెనీవా శాస్త్రజ్ఞుడు షార్ల్ బొనే 1754లో ఆకులపై ప్రచురించిన గ్రంథమున ఈ మార్పును గూర్చిన ప్రయోగములను వివరించెను. తరువాత ఈ మాట ఇంగ్లీషున ప్రవేశించి, జీవము చాలని మనుష్యులకును, రచనలకును అన్వయింపబడెను. 1955లో తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ హార్వర్డు ఉపన్యాసములలో, రంగస్థలముపై నటుడు పలుకు వాగ్దానము వంటివానిని భాషకు కలిగిన పాండురతలుగా ఎంచెను.

మన నుడికారము వేరు. గారాబముగా పెరిగిన బిడ్డను ‘ఎండకన్నెరుగని బిడ్డ’ యందుము. అంతఃపుర స్త్రీలను సంస్కృతమున ‘అసూర్యంపశ్యలు’ అనిరి. అచట నిందించిన నీడనే ఇచట సౌకుమార్యమని మెచ్చుకొనిరి.

ఈ రెండును మొక్క సంగతిని పూర్తిగా చెప్పవు. చీకటిలోని మొలక సోమరి కాదు. ఆకుల విషయమున పొదుపు చేసి, గింజలోని నిల్వ ఆహారమును కాడకు వెచ్చించి, వెలుగుకై పైకి సాగును. 1959లో అమెరికా శాస్త్రజ్ఞులు గుర్తించిన ఫైటోక్రోము అను వర్ణకము వెలుగును పసిగట్టగానే కాడ సాగుట మందగించి, ఆకులు విచ్చుకొనును. కొన్ని గంటలలోనే పచ్చదనము కానవచ్చును. నిల్వ తీరులోగా వెలుగు అందనిచో మాత్రము మొలక చచ్చును.

కావున వెనుకబడిన విద్యార్థిని ఈ మొక్కతో పోల్చువారు, అతని బలహీనతను గాక, అతనికి అందని వెలుగును ముందుగా వెదకవలెను.