బకాయి ప్రభుత్వానిది, తాకట్టులో మన సర్టిఫికెట్లు

ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ లాంటి కోర్సుల్లో కన్వీనర్ కోటా సీటు వచ్చి, కుటుంబ ఆదాయం పరిమితి లోపు ఉంటే దళిత విద్యార్థి ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కాగితం మీద లెక్క ఇదే. అయినా కోర్సు పూర్తయ్యాక టీసీ కోసం వెళ్తే ‘మీ ఫీజు ఇంకా రాలేదు, కట్టి తీసుకెళ్లండి’ అన్న మాట ఎందుకు వినాల్సి వస్తోంది? ఆ డబ్బు ఏ దారిలో వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగితే ఎవరి మీద పడుతుంది అన్నది ఇక్కడ వరుసగా వివరిస్తున్నాం.

అడిగి సాధించుకున్న పథకం

దీన్ని ఏదో ఒక ప్రభుత్వం ఇచ్చిన వరంగా చెప్పడం అలవాటైంది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉండగా డాక్టర్ అంబేడ్కర్ 1942లో ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు నిధులు అడిగారు. ఎస్సీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఆర్థికంగా వెనుకబడిన ఇతరులకు విస్తరించింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంతకుముందు నుంచే ఉన్న హక్కు ఇది.

ఎవరి వాటా ఎంత

చాలాకాలం కేంద్రం ‘కమిటెడ్ లయబిలిటీ’ పద్ధతి పాటించింది. ఒక పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాది అయిన ఖర్చును తర్వాత ఏటా రాష్ట్రమే భరించాలి. దానికి మించినదే కేంద్రం ఇస్తుంది. ఫలితంగా 2017-18 నుంచి 2019-20 వరకు కేంద్రం వాటా సుమారు 11 శాతానికి పడిపోయింది. దేశవ్యాప్తంగా నిరసనలు వచ్చాక, 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు రూ.59,048 కోట్లు ఆమోదించింది. ఇందులో కేంద్రం 60 శాతం, అంటే రూ.35,534 కోట్లు, రాష్ట్రాలు 40 శాతం భరించాలి. కేంద్రం నిర్ణయించిన వార్షిక ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలు.

డబ్బు రెండు రకాలు. ట్యూషన్ ఫీజును కళాశాలల్లో ‘ఆర్‌టీఎఫ్’ అంటారు, విద్యార్థి ఖర్చులకిచ్చే దాన్ని ‘ఎంటీఎఫ్’ అంటారు. 2021 మార్గదర్శకాల్లో వృత్తి విద్యా కోర్సులుండే మొదటి గ్రూపుకు హాస్టల్లో ఉంటే ఏడాదికి రూ.13,500, ఇంటి నుంచి వెళ్లొస్తే రూ.7,000. నెలకు లెక్కేస్తే హాస్టల్ విద్యార్థికి రూ.1,125. మెస్ బిల్లుకే ఇది ఏ మూలకు సరిపోతుంది?

మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లకు ఈ పథకం వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను కూడా బయటికి నెట్టింది.

ఎక్కడ ఆగుతుంది

తెలంగాణలో ఈపాస్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమిలో దరఖాస్తు నమోదవుతుంది. కళాశాల ధ్రువీకరించాలి, జిల్లా సంక్షేమ అధికారి మంజూరు చేయాలి, బిల్లు ట్రెజరీకి వెళ్లాలి. అక్కడ టోకెన్ పడ్డాక కూడా ఆర్థిక శాఖ డబ్బు వదలకపోతే బిల్లు కదలదు. కాబట్టి ‘మంజూరైంది’ వేరు, ‘జమైంది’ వేరు.

బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు బంద్ చేశాయి. యాజమాన్యాలకు బంద్ చేసే బలం ఉంది. విద్యార్థి దగ్గర ఉన్నది సర్టిఫికెటే, అదీ కళాశాల బీరువాలోనే ఉంటుంది. రెండు పక్షాల మధ్య అప్పుకు మూడో మనిషి పూచీ పడ్డట్టు అవుతోంది. టీసీ లేక పీజీలో చేరలేరు, ప్రొవిజనల్ లేక ఉద్యోగంలో చేరలేరు. వడ్డీకి అప్పు చేసి కట్టినవాళ్లకు ప్రభుత్వ డబ్బు ఆ తర్వాతెప్పుడో వచ్చినా వడ్డీ తిరిగి రాదు.

డబ్బును తల్లుల ఖాతాలో వేసినా, విద్యార్థి ఖాతాలో వేసినా ఆలస్యం పోదు. కళాశాల అడగాల్సిన మనిషి మారతారంతే. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇంటివాళ్లను అడుగుతుంది.

ఆలస్యానికి మూల్యం

ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన దినకూలీ కొడుకు, ఒక దళిత విద్యార్థి, 2024లో గడువులోగా రూ.17,500 కట్టలేక ధన్‌బాద్ ఐఐటీ సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తన ప్రత్యేకాధికారం వాడి సెప్టెంబరు 30న ఆ సీటు ఇప్పించింది. ప్రతి విద్యార్థీ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేడు.

పరిశోధక విద్యార్థులుగా మేము మరచిపోలేని తేదీ 2016 జనవరి 17. రోహిత్ వేముల తన చివరి లేఖలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, రూ.1.75 లక్షల గురించి రాశాడు. ఆ డబ్బు తన కుటుంబానికి అందేలా చూడమని కోరాడు.

విద్యార్థులు, సంఘాలు చేయగలిగినవి

మొదట, పోర్టల్‌లో మీ దరఖాస్తు ఏ దశలో ఉందో ఏటా ప్రింట్ తీసి పెట్టుకోండి. ఫీజు అడిగితే రాతపూర్వకంగా అడగమనండి. కట్టాల్సి వస్తే రసీదు తీసుకోండి.

రెండు, ప్రవేశ సమయంలో ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ చెబుతోంది. చేరే రోజే దాన్ని చూపించండి.

మూడు, కళాశాలవారీగా ఏ సంవత్సరం బిల్లు ఏ ట్రెజరీలో, ఏ టోకెన్ మీద ఆగిందో సమాచార హక్కు చట్టం కింద సంఘాలు అడగాలి. మొత్తం బకాయి ఎంతన్న ప్రశ్నకు మంత్రి ప్రకటన జవాబవుతుంది. టోకెన్ తేదీ అడిగితే అధికారి జవాబు చెప్పాలి.

నాలుగు, 2013 ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్సీలకు కేటాయించిన సొమ్ములో ఈ పద్దుకు ఎంత చూపారు, ఎంత విడుదల చేశారు అన్నది బడ్జెట్ సమావేశాల ముందే బయటపెట్టాలి.

ఇక మా డిమాండ్ ఒక్కటే: ఏ విద్యా సంవత్సరం ఫీజు ఆ సంవత్సరంలోనే చెల్లించేలా గడువును చట్టంలో రాయాలి. గడువు దాటితే కళాశాల ప్రభుత్వంతో తేల్చుకోవాలి తప్ప విద్యార్థి టీసీని, ప్రొవిజనల్‌ను ఆపే అధికారం ఉండకూడదు. ఈ రెండు వాక్యాలు చట్టంలో చేరేదాకా ఉచిత విద్య అన్న మాట మనకు పూర్తిగా వర్తించదు.