ఒంటి సీటు బండి: నడవలేనివారి దూరప్రయాణాల చరిత్ర

వెన్నుపాము దెబ్బతిన్నందువల్ల శరీరపు కింది భాగం కదలికనూ స్పర్శనూ కోల్పోయే స్థితిని వైద్యులు పారాప్లీజియా అంటారు. ఈ స్థితిలో ఉన్నవారు మోటారు బండి మీద దూరప్రయాణాలు చేయడమనేది ఇటీవలి చరిత్ర, ఎందుకంటే గాయపడిన తరువాత వారు ఏళ్ళ తరబడి బతకడమే ఇటీవల సాధ్యమైంది. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో అత్యధికులు గాయం వల్ల కాక, కదలకుండా పడుకోవడంతో ఏర్పడే పుండ్ల వల్ల, మూత్రకోశానికి సోకే ఇన్ఫెక్షన్ల వల్ల కొద్దికాలానికే మరణించారు. నాజీల పాలన నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్మన్, 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల కేంద్రం బాధ్యత తీసుకుని, ప్రతి రోగినీ పగలూ రాత్రీ రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పాలన్న నియమాన్ని కచ్చితంగా అమలు చేయించాడు. చూడడానికి అతి సామాన్యమైన ఈ పని వేలాది ప్రాణాలను నిలబెట్టింది. 1948లో అదే ఆసుపత్రి ఆవరణలో 16 మందితో ఆయన జరిపించిన విలువిద్య పోటీ పారాలింపిక్ క్రీడలకు నాంది అయిన సంగతి అందరూ చెప్పుకునేదే. ఆసుపత్రి గేటు దాటిన తరువాత ఆ మనుషులు ఎక్కడికి, ఎలా వెళ్ళగలిగారన్నది మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోని చరిత్ర.

వాహనం కావాలన్న కోరిక అంతకంటే చాలా పాతది. జర్మనీలో న్యూరెంబర్గ్ దగ్గరి ఆల్ట్‌డార్ఫ్‌లో, చిన్నతనంలోనే వెన్ను విరిగిన స్టెఫాన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల తయారీదారు, 1655 ప్రాంతంలో, చేతులతో పిడులు తిప్పితే పళ్ళచక్రాల ద్వారా ముందు చక్రం తిరిగే మూడు చక్రాల బండిని తనకోసం తానే చేసుకున్నాడు. మన ఊళ్ళలో వికలాంగులు చేత్తో తిప్పుకుంటూ వెళ్ళే మూడు చక్రాల సైకిల్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. అయితే భుజాల బలం ఎంత ఉంటే బండి అంత దూరమే పోతుంది. ఆ హద్దును చెరపడానికి ఇంజను రావలసి వచ్చింది.

1940లలో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజనీరు, పుట్టినప్పటి నుంచి కాళ్ళు పనిచేయని తన బంధువు డెరీ ప్రెస్టన్ కాబ్ కోసం చక్రాల కుర్చీకి చిన్న ఇంజను బిగించాడు. ఆ ప్రయోగం నుంచి పుట్టినదే ఇన్వాకార్ సంస్థ. ప్రెస్టన్ కాబ్ అందులో సాయం పొందిన వ్యక్తిగా మిగిలిపోలేదు, వ్యాపారంలో భాగస్వామిగా నిలిచాడు. తరువాతి కాలంలో గ్రీవ్స్ పేరు మోసిన మోటారు సైకిళ్ళ కంపెనీకి మూలం ఈ వికలాంగుల బండే కావడం గమనించదగినది. ఆనాటి బండ్లలో మోటారు సైకిళ్ళకు వాడే చిన్న టూ స్ట్రోక్ ఇంజను ఉండేది. స్టీరింగ్ చక్రానికి బదులు ఒళ్ళోకి వచ్చే పొడవాటి కడ్డీ ఒకటి అమర్చేవారు; దాన్ని అటూ ఇటూ తిప్పితే బండి మలుపు తిరిగేది, దాని కొసన ఉన్న పిడిని మెలితిప్పితే వేగం పెరిగేది. కాళ్ళకు చెప్పవలసిన పని ఒక్కటీ మిగల్చకుండా అంతా చేతులకు అప్పగించడంలోనే ఈ తయారీ నైపుణ్యమంతా ఉంది.

బ్రిటిష్ ప్రభుత్వం ఈ బండ్లను మొదట యుద్ధంలో గాయపడినవారికి, 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన తరువాత ఇతర వికలాంగులకూ ఉచితంగా ఇచ్చింది. ఇది నిస్సందేహంగా గొప్ప పని. ఇంటి గడప దాటని వేలాది మందికి ఉద్యోగమూ, వీధీ, ఊరూ తిరిగి దక్కాయి. ఆ ఔదార్యంలోనే ఒక సంకుచితత్వమూ దాగి ఉంది. బండిలో ఒకటే సీటు. పక్కన ఎవరినీ ఎక్కించుకోకూడదన్నది నిబంధన. నడవలేని తల్లి బిడ్డను బడికి తీసుకువెళ్ళలేదు, భార్యాభర్తలిద్దరికీ బండ్లు ఉంటే ఒకరి వెనక ఒకరు వెళ్ళవలసిందే, దారిలో బండి మొరాయిస్తే దిగి చూసే తోడు లేదు. వికలాంగుడి ప్రయాణం అంటే ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ ఒంటరిగా వెళ్ళిరావడమేనన్న ఊహ ఆ ఒంటి సీటులో స్పష్టంగా కనిపిస్తుంది. విహారానికో చుట్టాల ఇంటికో వెళ్ళాలన్న కోరిక నడవగలిగినవారికి ఎంత సహజమో వీరికీ అంతే సహజమన్న ఆలోచన ఆ నిబంధన రాసినవారికి రాలేదు.

ఆ ఆలోచన బండి నడిపినవారి నుంచే రావలసి వచ్చింది. 1940ల చివరలో వారు తమ బండి పేరుతోనే ఇన్వాలిడ్ ట్రైసైకిల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకుని, ఒంటరిగా నడిపే బండితోనే నలుగురిలో కలిసే దారి వెతుక్కున్నారు; తరువాత దానికే వికలాంగ డ్రైవర్ల సంఘమన్న పేరు వచ్చింది. 1970లలో వచ్చిన లేత నీలిరంగు మోడల్ 70 బండి ఇంజను శక్తిలో మెరుగైనా, ఈదురుగాలికి ఊగిపోతుందనీ, మంటలు అంటుకుంటున్నాయనీ ఫిర్యాదులు ఆగలేదు. ప్రభుత్వం కోసం ఎవలిన్ షార్ప్ రాయగా 1974లో వెలువడిన నివేదిక ఈ మూడు చక్రాల బండ్లకు స్వస్తి చెప్పే దిశగా విధానాన్ని మళ్ళించింది. 1976లో ప్రయాణ భత్యమూ, 1977లో దాన్ని కారుగా మార్చుకోవడానికి వీలు కల్పించిన మోటబిలిటీ పథకమూ వచ్చాయి. ప్రభుత్వం చేతిలో మిగిలిన చివరి బండ్లను 2003 మార్చి 31 నాటికి రోడ్ల మీద నుంచి తొలగించారు.

కారు దొరికిన తరువాత కూడా కొందరికి మోటారు సైకిలే కావాలి, ఎందుకంటే వారిలో చాలామంది ఆ బండి మీదే గాయపడినవారు, ఆ బండినే ప్రేమించినవారు. 1990 నుంచి 1992 దాకా వరసగా మూడేళ్ళు 500 సీసీ ప్రపంచ విజేతగా నిలిచిన అమెరికన్ వేన్ రేనీ, 1993లో ఇటలీలోని మిజానోలో పడిపోయి ఛాతీ కింది భాగం చచ్చుబడగా, 2019లో జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద చేతితో గేర్లు మార్చే యమహా బండిని మళ్ళీ నడిపాడు. బ్రిటన్‌లో పారాప్లీజియాతోనే రేసుల్లో పాల్గొన్న టాలన్ స్కీల్స్ పిగిన్స్, తనలాంటివారికి రెండు చక్రాల బండి నేర్పే సంస్థను స్థాపించాడు. గేరు మార్చడానికి హ్యాండిల్ మీద బటన్లు, పాదాలను ఫుట్‌రెస్టులకు పట్టి ఉంచే బంధాలు, వేగం తగ్గగానే ఇరువైపులా నేల మీదికి దిగి వేగం అందుకోగానే పైకి లేచే చిన్న చక్రాలు ఇందుకు తోడ్పడుతున్నాయి.

ట్రాక్ మీద కొన్ని చుట్లు తిరగడం వేరు, రోజుల తరబడి రోడ్డు మీద ఉండడం వేరు. 1981లో అంగోలాలో మందుపాతర పేలి రెండు కాళ్ళూ పోగొట్టుకున్న డేవ్ బార్, 1972 నాటి హార్లే డేవిడ్సన్ మీద 1990లలో ప్రపంచాన్ని చుట్టివచ్చాడు. కానీ సీటు నొప్పి పెడితే ఆయన శరీరం ఆయనకు చెప్పేది. పారాప్లీజియా ఉన్నవారికి ఆ కబురు అందదు. ఇంజను వేడికి పిక్క కాలినా తెలియదు, గంటల తరబడి ఒకేచోట బరువు మోపితే స్టోక్ మాండెవిల్ నర్సులు నివారించడానికి శ్రమించిన పుండే మళ్ళీ మొదలవుతుంది, గాయం వెన్నులో పైభాగాన ఉంటే చెమట సరిగా పట్టక ఎండలో ఒళ్ళు వేడెక్కిపోతుంది. అందువల్ల దూరం వెళ్ళే రైడరు గడియారం చూసుకుని ఆగి, చేతుల మీద ఒంటిని పైకెత్తి, కాళ్ళను కళ్ళతో పరీక్షించుకుని, మూత్రం గొట్టం (క్యాథెటర్) సంగతి చూసుకుని మళ్ళీ బయలుదేరాలి. ఈ క్రమశిక్షణ ముందు హ్యాండిల్ పట్టే నేర్పు చిన్న విషయమే.

భారతదేశంలో ఈ కథ వేరే దారి పట్టింది. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటర్‌కు క్లచ్చూ గేర్లూ లేకపోవడం, బటన్ నొక్కితే స్టార్ట్ కావడం వల్ల, వెనక ఇరువైపులా చక్రాలు బిగించుకుంటే కాళ్ళు లేకపోయినా నడపగల బండి సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. ఆ చక్రాలను బిగించింది పెద్ద ఫ్యాక్టరీలు కావు, ఊళ్ళలోని మెకానిక్కులూ వెల్డింగు షాపులవాళ్ళూ. చట్టం మాత్రం 2019 దాకా బ్రిటన్ చట్టంలోని నిర్వచనాన్నే పట్టుకుని ఉంది: 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం వికలాంగుల బండి అంటే ప్రత్యేకంగా రూపొందించి తయారు చేసినదే కావలసి ఉండేది, ఉన్న బండికి మార్పులు చేసినంతమాత్రాన సరిపోయేది కాదు. నిజానికి రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా ఆ మార్పులు చేసిన బండ్లే. 2019 సవరణ ఈ వాస్తవాన్ని గుర్తించి, అనుమతితో మార్పులు చేసిన వాహనాలనూ నిర్వచనంలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు దివ్యాంగులకు పంచుతున్న మూడు చక్రాల మోటారు వాహనాలు ఈ కోవలోవే. వాటిని ఇచ్చేటప్పుడు చదువుకునేవారికీ, పని చేసుకునేవారికీ ప్రాధాన్యం ఇవ్వడంలో న్యాయం ఉన్నా, ప్రయాణాన్ని ఉపాధితోనే కొలిచే పాత లెక్క అందులోనూ కొనసాగుతున్నది. వాహనాన్ని ఆ వ్యక్తి మాత్రమే, లేదా ఆ వ్యక్తి కోసం మాత్రమే వాడాలన్న షరతు కూడా 2019 నిర్వచనంలో చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.