పాత కారుకు ఏసీ కంప్రెసర్: అండమాన్ ఉక్కపోతలో అమర్చుకునే ముందు తెలుసుకోవలసిన విషయాలు

అండమాన్ దీవుల్లో ఉష్ణోగ్రత సాధారణంగా 23 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. విజయవాడ, రామగుండం ఎండలతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు. అయినా పోర్ట్ బ్లెయిర్‌లో అద్దాలు మూసిన కారులో కొద్దిసేపు కూర్చుంటే చొక్కా తడిసిపోతుంది. ఇందుకు కారణం ఎండ కన్నా గాలిలోని తేమ. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ నగరంలో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. వాన పడుతున్నప్పుడు అద్దాలు దించడం కుదరదు, మూస్తే లోపల ఆవిరి పడుతుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800 వంటి కార్లు చాలావరకు ఏసీ లేకుండానే తయారయ్యాయి. వాటికి తరువాత ఏసీ అమర్చడం సాధ్యమే. అయితే కంప్రెసర్‌కు ఇంజిన్ పక్కన చోటు దొరకడం ఒక్కటే చాలదు. ఆ అదనపు భారాన్ని ఇంజిన్, రేడియేటర్, విద్యుత్ వ్యవస్థ మూడూ మోయగలగాలి.

తేమే అసలు భారం

30 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలిని 10 డిగ్రీలకు చల్లబరిస్తే అందులో 9 గ్రాములకు మించి నిలవదు. మిగిలిన 15 గ్రాములూ నీరుగా మారి కూలింగ్ కాయిల్ మీద పేరుకుంటాయి. ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడిని కూడా ఏసీయే తొలగించాలి. లెక్క వేస్తే, ఈ పరిస్థితిలో కంప్రెసర్ చేసే పనిలో సగానికి పైగా గాలిని చల్లబరచడానికి కాక, ఆరబెట్టడానికే ఖర్చవుతుంది.

అందువల్ల పొడి ఎండలున్న ప్రాంతంలో సరిపోయిన పరికరం దీవుల్లో చాలకపోవచ్చు. బయటి గాలిని లోపలికి రానీయకుండా, కారులోని గాలినే మళ్లీ మళ్లీ తిప్పే ఏర్పాటు ఉంటే ఈ భారం గణనీయంగా తగ్గుతుంది. పాత కార్ల తలుపుల రబ్బరు పట్టీలు చిరిగి ఉంటే, ఏసీ కొనడానికి ముందే వాటిని మార్చాలి.

ఇంజిన్ మోయగలదా?

కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ గ్యాస్‌ను పీడనానికి గురిచేస్తుంది. కారు ముందున్న కండెన్సర్‌లో ఆ గ్యాస్ వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి కూలింగ్ కాయిల్‌లోకి చేరి, అక్కడ మళ్లీ ఆవిరై లోపలి గాలిలోని వేడిని పీల్చుకుంటుంది.

ఈ పనికి కారు కంప్రెసర్ సాధారణంగా 3 నుంచి 5 హార్స్‌పవర్ తీసుకుంటుంది. అంబాసిడర్ పాత 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్ గరిష్ఠ శక్తి సుమారు 50 హార్స్‌పవర్. 796 సీసీ మారుతి 800లో అది 40 లోపే. గరిష్ఠ శక్తి అధిక వేగంలోనే లభిస్తుంది. కారు నిలిచి, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అందే శక్తి చాలా తక్కువ. అప్పుడు కంప్రెసర్ పట్టుకుంటే ఇంజిన్ వణకడం, ఆగిపోవడం ఇందువల్లనే. కార్బురేటర్ ఉన్న కార్లలో ఏసీ వేయగానే ఐడిల్ వేగాన్ని కొద్దిగా పెంచే పరికరం తప్పనిసరి.

కంప్రెసర్ పరిమాణం ఇంజిన్‌కు తగినదై ఉండాలి. విస్తృతంగా వాడే సాండెన్ 508 రకం కంప్రెసర్ ఒక్క చుట్టుకు సుమారు 138 సీసీ గ్యాస్‌ను నెడుతుంది. ఇది అంబాసిడర్ స్థాయి ఇంజిన్లకు తగినది, చిన్న ఇంజిన్లకు ఎక్కువ. మారుతి 800లో ఏసీ రకం కూడా వచ్చింది గనుక, ఆ రకానికి చెందిన అసలు కంప్రెసర్, బ్రాకెట్, పుల్లీలను సంపాదించడమే ఉత్తమ మార్గం.

అన్నింటికన్నా ముందు ఇంజిన్ కంప్రెషన్ పరీక్ష చేయించాలి. పిస్టన్ రింగులు అరిగి, పొగ వదులుతున్న ఇంజిన్‌కు ఏసీ తగిలించడం వృథా.

బ్రాకెట్, పుల్లీ, బెల్టు

కంప్రెసర్ బ్రాకెట్‌ను ఇంజిన్‌కే బిగించాలి. ఛాసిస్‌కు గానీ బాడీకి గానీ బిగించకూడదు. రబ్బరు మౌంటింగుల మీద ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు. రెంటి మధ్య బెల్టు వేస్తే అది జారిపోతుంది లేదా తెగుతుంది. పలుచని రేకుతో చేసిన బ్రాకెట్ కొద్ది నెలల్లో పగుళ్లు తీస్తుంది.

క్రాంక్ పుల్లీ, కంప్రెసర్ పుల్లీ ఒకే వరుసలో ఉండాలి. తిన్నని ఇనుప పట్టీని రెంటికీ ఆనించి చూస్తే తేడా తెలుస్తుంది. పుల్లీల కొలతా ముఖ్యమే. క్రాంక్ పుల్లీ వ్యాసం 15 సెంటీమీటర్లు, కంప్రెసర్ పుల్లీ 12 సెంటీమీటర్లు అయితే, ఇంజిన్ 800 చుట్లు తిరిగినప్పుడు కంప్రెసర్ 1,000 చుట్లు, 4,000 తిరిగినప్పుడు 5,000 చుట్లు తిరుగుతుంది. ఈ వేగం తయారీదారు నిర్ణయించిన పరిమితిని దాటకూడదు.

1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో తొలిసారి కర్మాగారంలోనే ఏసీ అమర్చినప్పుడు కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి బెల్టు తీసివేయవలసి వచ్చేది. నేటి కంప్రెసర్లలో విద్యుదయస్కాంత క్లచ్ ఉంది. ఎత్తైన చోట్లకు ఎక్కేటప్పుడు ఒక్క స్విచ్‌తో ఏసీని ఆపి, ఇంజిన్ శక్తి మొత్తాన్నీ చక్రాలకు మళ్లించవచ్చు.

కరెంటు, రేడియేటర్

పాత అంబాసిడర్ల డైనమో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లకే 10 ఆంపియర్ల వరకు కావాలి. కంప్రెసర్ క్లచ్‌కు 4, బ్లోయర్‌కు 10, కండెన్సర్ ఫ్యానుకు మరో 8 ఆంపియర్లు కలిపితే వానరాత్రి ప్రయాణంలో బ్యాటరీ ఖాళీ కావడం ఖాయం. కనుక డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ అమర్చాలి. ఫ్యాన్లకు, క్లచ్‌కు విడివిడిగా రిలేలు, ఫ్యూజులు ఉండాలి.

కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది. అంటే రేడియేటర్‌కు అందేది అప్పటికే వేడెక్కిన గాలి. రేడియేటర్‌ను శుభ్రం చేయించి, విడిగా విద్యుత్ ఫ్యాను పెట్టకుండా ఏసీ నడపడం ప్రమాదకరం.

జిర్కాటాంగ్ దాటాక

ఈ జాగ్రత్తల విలువ అండమాన్ ట్రంక్ రోడ్డు మీద తెలుస్తుంది. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్ల మేర ఈ రహదారి జారవా ఆదిమ తెగ రక్షిత ప్రాంతం గుండా వెళుతుంది. అక్కడ వాహనాలు కాన్వాయ్‌గానే, గంటకు 40 కిలోమీటర్ల వేగ పరిమితికి లోబడి సాగాలి. దారిలో ఆపడం, ముందు వాహనాన్ని దాటడం నిషిద్ధం. చెక్‌పోస్టు వద్ద ఏసీ వేసుకుని చాలాసేపు నిలిపి ఉంచిన పాత కారు అప్పటికే వేడెక్కి ఉంటుంది. అడవి మధ్యలో రేడియేటర్ మరిగితే ఆ ఇబ్బంది ఒక్క కారుకే పరిమితం కాదు, వెనుక వచ్చే వాహనాలన్నీ చిక్కుకుంటాయి. ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తున్నట్లు కనిపించగానే ఏసీ ఆపివేయాలి.

మరొక ప్రమాదం కంటికి కనిపించదు. తుప్పుతో చిల్లులు పడిన అడుగు రేకు, పగిలిన సైలెన్సర్ గొట్టం ఉన్న కారును అద్దాలు మూసి, ఇంజిన్ ఆపకుండా నిలిపి ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు, కానీ ప్రాణాంతకం. ఏసీ బిగించే ముందే అడుగు రేకును, పొగగొట్టాన్ని బాగుచేయించాలి.

ఏ గ్యాస్ వాడాలి?

పాత కిట్లు ఆర్-12 గ్యాస్ కోసం తయారైనవి. ఓజోన్ పొరకు హాని చేసే ఈ రకం వాయువులను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం భారత్ 2010 నాటికి నిలిపివేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది ఆర్-134ఏ. పాత కంప్రెసర్లలోని మినరల్ ఆయిల్ దీనితో కలవదు. కాబట్టి పాత కిట్‌ను వాడదలిస్తే ఆయిల్, డ్రయర్, రబ్బరు రింగులు, గొట్టాలు మార్చాలి. గ్యాస్ నింపే ముందు కనీసం అరగంట వాక్యూమ్ పంపు నడపాలి. లోపల తేమ మిగిలితే అది ఆయిల్‌ను పాడుచేసి లోహాన్ని తినివేస్తుంది. గ్యాస్‌ను తూకం ప్రకారమే నింపాలి. చౌక అని వంటగ్యాస్ వంటి మండే వాయువులను ఎట్టి పరిస్థితుల్లోనూ నింపించుకోకూడదు.

ఉప్పుగాలి, చట్టం

సముద్రపు గాలిలోని ఉప్పు కండెన్సర్ అల్యూమినియం రెక్కలను త్వరగా తినివేస్తుంది. వాటిని తరచుగా మంచినీటితో మెల్లగా కడగాలి. కూలింగ్ కాయిల్ నీరు బయటకు పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీరు కారు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. విడిభాగాలు చాలావరకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఓడల్లో రావలసిందే. ఓడ వచ్చేదాకా కారు మూలన పడకుండా ఉండాలంటే సులభంగా దొరికే రకం కంప్రెసర్‌నే ఎంచుకుని, అదనంగా ఒక బెల్టు దగ్గర ఉంచుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. పని మొదలుపెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయాన్ని, బీమా సంస్థను సంప్రదించడం మేలు.

ఇంజిన్ బలంగా ఉండి, రేడియేటర్, ఆల్టర్నేటర్, అడుగు రేకు సరిగా ఉన్న కారుకు కంప్రెసర్ బిగించడం చివరి పని మాత్రమే. అవి సరిగా లేని కారుకు కంప్రెసర్ కోసం దాచిన సొమ్మును ముందుగా వాటి మరమ్మతుకు వెచ్చించడమే వివేకం.